అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కాలేజీ వ్యాసం

మీ ముందు తెల్ల కాగితం ఉంది. లెక్చరర్ ఐదువందల పదాల ఇంగ్లీషు వ్యాసం అడిగారు. లేదా అమెరికా యూనివర్సిటీకి పంపాల్సిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాయాలి. విషయం మీకు తెలుసు, గ్రామర్ కూడా ఫర్వాలేదు. అయినా మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోతోంది. ఎందుకు?

ఇంటర్ దాకా మనకు నేర్పిన రాత వేరు. ప్రశ్న, జవాబు, పాయింట్లు, సైడ్ హెడింగులు, స్కేలు పెట్టి గీసిన అండర్‌లైన్లు. గైడులో ఉన్నది ఉన్నట్టు దించితే మార్కులు పడ్డాయి. ఇప్పుడు కాలేజీ మిమ్మల్ని మూడు ప్రశ్నలు అడుగుతోంది. ఈ విషయం మీద నువ్వేమంటావు? అలా ఎందుకంటున్నావు? కాదనేవాళ్లకు ఏం జవాబు చెబుతావు? కాలేజీ వాళ్లు రెటరిక్ అని పెద్ద పేరుతో పిలిచే చదువులో మీకు అక్కరకొచ్చే భాగం ఇంతే. చాలా అమెరికన్ యూనివర్సిటీల్లో డిగ్రీ మొదటి ఏడాదిలోనే దీనికోసం ఒక కోర్సు పెడతారు. మన దగ్గర అలాంటి కోర్సు చాలా కాలేజీల్లో లేదు. మరి మనవాళ్లు ఎక్కడ నేర్చుకోవాలి?

మామూలు పాఠకుల కోసం రాసిన మంచి అమెరికన్ వచనం దగ్గర నేర్చుకోవచ్చు. పరిశోధన గ్రంథాలు అక్కర్లేదు. పత్రికల్లో వచ్చిన వ్యాసాలు, ఆత్మకథలు, రైలు ప్రయాణంలో చదివే పుస్తకాలు చాలు. రీడర్స్ డైజెస్ట్ 1922లో మొదలైంది. 1954 నుంచి దానికి ఇండియా ఎడిషన్ కూడా ఉంది. అలాంటి పత్రికలకు రాసేవాళ్లు ఒక్క సంగతి మర్చిపోరు: పాఠకుడికి ఓపిక తక్కువ, విసుగొస్తే పేజీ తిప్పేస్తాడు. అందుకే చెప్పదలచింది త్వరగా చెబుతారు, ఉదాహరణ చూపిస్తారు, అడ్డు ప్రశ్న వస్తుందని ముందే ఊహిస్తారు. రేపు మీ వ్యాసం దిద్దే ప్రొఫెసర్ కూడా ఓపిక తక్కువ ఉన్న పాఠకుడే, ఆయన బల్ల మీద ఇంకా ఎన్నో పేపర్లు ఉంటాయి.

ఈ చదువుకు హైదరాబాద్‌కు మించిన చోటు మరొకటి వెతకనక్కర్లేదు. 1964లోనే ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. అక్కడి లైబ్రరీ కోసం దేశం నలుమూలల నుంచీ పరిశోధకులు వచ్చేవారు. మీకు అంత దూరం కూడా అక్కర్లేదు. ఆదివారం పొద్దున గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగి మొజంజాహీ మార్కెట్ మీదుగా అబిడ్స్ జీపీవో వైపు నడవండి. షాపులు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. మీ క్లాస్‌రూమ్ అదే అనుకోండి.

ఇక పని మొదలుపెడదాం.

1. ఒక్క పుస్తకం కొనండి, సరైనది కొనండి

నల్గొండ నుంచి వచ్చి కోఠీలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. అబిడ్స్‌లో పుస్తకాల గుట్ట ముందు కూర్చుంది. చేతిలో "ఫైవ్ హండ్రెడ్ మోడల్ ఎస్సేస్" లాంటి లావుపాటి గైడు.

"అన్నా, ఇది ఎంత?"

"నూటయాభై ఇయ్యమ్మా. స్టూడెంట్స్ అందరు ఇదే కొంటరు."

"ఆ చిన్నదో?"

"అది పాతది. నలభై ఇయ్యి."

ఆ చిన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథ. ఆ అమ్మాయి ఏది కొనాలి? నన్నడిగితే, నలభై రూపాయలది. గైడులో ఐదువందల వ్యాసాలున్నా ఒక్కటీ ఒక మనిషి ఆలోచించి రాసినట్టుండదు. అన్నిటికీ ఒకే మొదలు, ఒకే ముగింపు. అవి చదివి మీరు నేర్చుకునేది ఆ మూసే.

కొనే ముందు చిన్న పరీక్ష చేయండి. పుస్తకాన్ని మధ్యలో తెరవండి. నిలబడే ఒక పేజీ చదవండి. తెలియని మాటలు ఐదారు కంటే ఎక్కువుంటే పక్కన పెట్టండి, ఏడాది తర్వాత దానికి టైమొస్తుంది. అన్నీ తెలిసిన మాటలే అయినా తరువాతి పేజీ చదవాలనిపించకపోతే అదీ వద్దు. కథలే కావాలంటే సిడ్నీ షెల్డన్, జాన్ గ్రిషమ్ గుట్టలుగా ఉంటాయి. ఇంగ్లీషు వేగంగా చదవడం అలవాటు కావడానికి అవి బాగా పనికొస్తాయి. వ్యాసం నేర్చుకోవడానికి మాత్రం జరిగిన సంగతుల మీద రాసిన పుస్తకమే తీసుకోండి.

పది పుస్తకాలు ఒకేసారి కొనుక్కుని సంచీ మోసుకుంటూ ఇంటికి వెళ్లడం చాలామంది చేసే పొరపాటు. కింద చెప్పబోయే పద్ధతిలో ఒక వ్యాసానికి వారం పడుతుంది. ఒక్క పుస్తకం నెలలు వస్తుంది.

2. ఫ్రాంక్లిన్ చేసిందే చేయండి

ఆ నలభై రూపాయల పుస్తకంలోనే మీకు కావలసిన అసలు పద్ధతి ఉంది. ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో పుట్టాడు. బడి చదువు రెండేళ్లకే ఆగిపోయింది. అన్న అచ్చాఫీసులో పని నేర్చుకునే కుర్రాడు. స్నేహితుడితో ఉత్తరాల్లో వాదన నడుస్తుంటే తండ్రి అవి చదివి, నీ స్పెల్లింగు బాగుంది కానీ చెప్పే తీరులో సొంపు లేదు, స్పష్టత లేదు అన్నాడు. కుర్రాడు ఆ మాటను మనసుకు పట్టించుకున్నాడు. లండన్ పత్రిక స్పెక్టేటర్ వ్యాసాల సంపుటం ఒకటి విడిగా దొరికితే కొన్నాడు. తర్వాత ఏం చేశాడో ఆత్మకథలో స్వయంగా రాశాడు. మీరు చేయాల్సింది అదే:

ఒక వ్యాసం తీసుకోండి. ప్రతి వాక్యం భావాన్నీ రెండు మూడు మాటల్లో నోటు పుస్తకంలో రాసుకోండి. పుస్తకం మూసేయండి. కొన్ని రోజులు దాని జోలికి వెళ్లకండి. తర్వాత ఆ నోట్స్ మాత్రమే చూస్తూ మొత్తం వ్యాసాన్ని మీ ఇంగ్లీషులో తిరిగి రాయండి. అప్పుడు అసలు వ్యాసం తెరిచి పక్కపక్కన పెట్టి చూడండి. మీరెక్కడ తడబడ్డారు? ఆయన ఒక్క క్రియతో చెప్పినదాన్ని మీరు మూడు విశేషణాలతో చెప్పారా? ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

ఫ్రాంక్లిన్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఆ నోట్స్‌ను కావాలనే కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత మళ్లీ వరసలో పేర్చేవాడు. ఏ మాట తర్వాత ఏ మాట రావాలో అలా పట్టుబడింది. చిన్న చీటీల మీద రాసి మంచం మీద పరిచి మీరు కూడా ఇది చేయవచ్చు. నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికంటే విలువైన సాధన ఇదే. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలకండి. వ్యాసం రాయడమంటే వాక్యాలు రాయడం అనుకుంటాం. వరస కుదిరితే వాక్యాలు సగం వాటంతటవే వస్తాయి.

టైమెక్కడిది అంటారా? ఫ్రాంక్లిన్ రోజంతా అచ్చాఫీసులో పనిచేసేవాడు. రాత్రి పని అయ్యాక, తెల్లవారి పని మొదలయ్యే ముందు, ఆదివారాలు ఈ సాధన చేశాడు. కొన్ని చిన్న చోట్ల అసలు వ్యాసం కంటే తన వాక్యమే బాగుందని అప్పుడప్పుడు అనిపించేదని కూడా రాసుకున్నాడు. ఆ సంతోషం మీకూ దక్కుతుంది.

3. ప్రతి వాక్యాన్నీ "నీ పనేంటి?" అని అడగండి

జాన్ హెర్సీ రాసిన హిరోషిమా పుస్తకం దొరికితే వదలకండి. 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ పత్రిక దాదాపు సంచిక మొత్తాన్నీ ఆ ఒక్క రచనకే ఇచ్చింది. అణుబాంబు పడ్డాక బతికిన ఆరుగురి కథ. మొదటి పేజీలో ఏముంటుందనుకుంటున్నారు? మానవాళి చరిత్రలో చీకటి అధ్యాయం, కనీవినీ ఎరుగని ఘోరం అంటూ మొదలవుతుందా? లేదు. బాంబు పేలిన క్షణంలో ఆ ఆరుగురిలో ఒక్కొక్కరూ ఏ చిన్న పని చేస్తున్నారో చెబుతాడు. ఒక గుమాస్తా పక్క సీటు అమ్మాయితో మాట్లాడటానికి తల తిప్పుతోంది. అంతే. పాఠకుడికి గుండె ఆగినంత పనవుతుంది.

పెన్సిల్ తీసుకుని ఆ పేజీ అంచున రాయండి: ఈ వాక్యం సమయం చెప్పింది, ఇది మనిషిని చూపించింది, ఇది తర్వాత ఏమవుతుందోనని అనుమానం పుట్టించింది. ఒక పేజీకి ఇలా చేస్తే మీకొక విషయం అర్థమవుతుంది. ఏ పనీ చేయని వాక్యం అక్కడ దాదాపు ఉండదు.

ఇప్పుడు మీ పాత అసైన్‌మెంట్ ఒకటి తీసి అదే పరీక్ష పెట్టండి. మొదటి పేరాలో ఎన్ని వాక్యాలకు పని ఉంది? "నేటి ఆధునిక ప్రపంచంలో" అని మొదలయ్యే వాక్యం ఏం పని చేస్తోంది? "టెక్నాలజీకి లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి" అన్న వాక్యమో? కొట్టేయండి. పేరా సగానికి తగ్గిందా? మంచిది, మిగిలిన సగంలోనే మీ వ్యాసం ఉంది.

4. తెలుగును పక్కన పెట్టుకునే చదవండి

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. మీకు తెలుగు చదవడం వచ్చు కాబట్టి మీకొక సౌకర్యం ఉంది, అది పక్క సీట్లో ఇంగ్లీషు మీడియం పిల్లలకు లేదు. మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను నండూరి రామమోహనరావు తెలుగులోకి తెచ్చారు. 1901లో మొదలై, ఇప్పుడు సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం లాంటి లైబ్రరీల్లో వెతకండి. ముందు ఒక అధ్యాయం నండూరి తెలుగులో చదవండి, తర్వాత అదే అధ్యాయం ట్వేన్ ఇంగ్లీషులో. కథ ముందే తెలుసు కాబట్టి మీ దృష్టంతా చెప్పే తీరు మీదే ఉంటుంది.

టామ్ సాయర్‌లో కంచెకు సున్నం వేసే ఘట్టం చదవండి. పిన్ని శిక్షగా ఇచ్చిన పనిని టామ్ ఊళ్లో పిల్లల చేత చేయిస్తాడు. ఎలా? ఆ పిల్లలను ఒక్కసారి కూడా "సాయం చేయండి" అని అడగడు. ఆ పని అందరికీ చేతకాదన్నట్టు ప్రవర్తిస్తాడు. పిల్లలు తమ దగ్గరున్న వస్తువులు ఇచ్చి మరీ బ్రష్ పుచ్చుకుంటారు. ఒప్పించడం అంటే ఏమిటో ఇంతకంటే తేలికగా చెప్పిన పాఠం నేను చూడలేదు. ఎదుటివాడికి ఏం కావాలో ముందు తెలుసుకోవాలి. అయితే ఒక్క తేడా ఉంది. టామ్ తన ఉద్దేశం దాచుకున్నాడు. కాలేజీ వ్యాసంలో మీ ఉద్దేశం మొదటి పేరాలోనే బయటపెట్టాలి. "నేను ఇది అంటున్నాను, ఇందుకు అంటున్నాను" అని ముఖం మీదే చెప్పాలి.

ఒక హెచ్చరిక. హకల్‌బెరీ ఫిన్ మాట్లాడే ఇంగ్లీషు బడికి సరిగా వెళ్లని కుర్రాడి యాస, ట్వేన్ కావాలని అలా రాశాడు. చదివి ఆనందించండి, దాని గ్రామర్ మాత్రం మీ వ్యాసంలోకి రానివ్వకండి.

5. కాదనేవాళ్ల మాట ముందు చెప్పండి

మన విద్యార్థుల వ్యాసాల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే: ఎదుటి పక్షం ఉండదు. అందరూ ఒప్పుకున్నట్టే రాస్తారు. అందరూ ఒప్పుకునే విషయం మీద వ్యాసం ఎందుకు?

1963 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరం చదవండి. ఆ ఊళ్లో నల్లజాతివారి హక్కుల కోసం చేస్తున్న నిరసనలు తొందరపాటు పని అని, ఇది సమయం కాదని ఎనిమిదిమంది మతగురువులు పత్రికలో ప్రకటన ఇచ్చారు. కింగ్ జైల్లో కూర్చుని ఆ వార్తాపత్రిక అంచుల్లోనే జవాబు రాయడం మొదలుపెట్టాడు. ఆ ఉత్తరం నడక గమనించండి. బయటివాడివి ఇక్కడికెందుకొచ్చావు అన్నారు. ఆ మాట ముందు చెబుతాడు, తర్వాత జవాబు. చర్చలు జరపకుండా వీధుల్లోకి ఎందుకు అన్నారు. అది చెబుతాడు, జవాబు. ఇంకొంత కాలం ఆగలేవా అన్నారు. మళ్లీ అంతే. చట్టాన్ని ఎలా ఉల్లంఘిస్తావు అన్నారు. దానికీ అంతే. ఎదుటివాళ్ల మాటను ఎక్కడా వెక్కిరించడు, పలుచన చేయడు. వాళ్లు చదివినా "అవును, మేమన్నది ఇదే" అని ఒప్పుకునేట్టు చెబుతాడు. అందుకే ఆ తర్వాత వచ్చే జవాబుకు అంత బలం.

మీరు సాధన చేయడానికి విషయం అక్కడే ఉంది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాలు అమ్ముకోవడానికి కార్పొరేషన్ శాశ్వతంగా చోటు కేటాయించాలా? మీరు పుస్తకాల ప్రేమికులు, కాబట్టి అవునంటారు. సరే, రాయకముందు ఫుట్‌పాత్ దొరక్క రోడ్డు మీద నడుస్తున్న పెద్దావిడను అడగండి. షాపు యజమానిని అడగండి. ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను అడగండి. వాళ్ల మాటల్లో బలమైనదాన్ని మీ వ్యాసంలో రెండో పేరాలో పెట్టి, మూడో పేరాలో జవాబు చెప్పండి. జవాబు దొరకలేదా? అయితే మీ అభిప్రాయాన్నే కొంచెం మార్చుకోండి. అలా మార్చుకోవడంలో తప్పేమీ లేదు, వ్యాసం రాయడం వల్ల కలిగే లాభాల్లో అదొకటి.

6. కళ్లెదుట ఉన్నదాని మీద రాయండి

ఇప్పుడు మీ సొంత పేరా. మొజంజాహీ మార్కెట్ మీద రాయమంటే చాలామంది ఇలా మొదలుపెడతారు (తెలుగులో చూపిస్తున్నాను, ఇంగ్లీషులోనూ ఇదే కథ):

"మొజంజాహీ మార్కెట్ హైదరాబాద్‌లోని అత్యంత ప్రసిద్ధమైన, చారిత్రక ప్రాధాన్యం కలిగిన అద్భుతమైన కట్టడం. ఇది ఎంతోమంది పర్యాటకులను ఆకర్షిస్తోంది. మన వారసత్వ సంపదను కాపాడుకోవడం మనందరి కర్తవ్యం."

చార్మినార్ పేరు పెట్టినా, గోల్కొండ పేరు పెట్టినా ఈ పేరా మారదు. అదే దీని జబ్బు. ఇప్పుడిది చూడండి:

"మొజంజాహీ మార్కెట్‌ను 1935లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించి, రెండో కొడుకు మొజం జా పేరు పెట్టాడు. రాతి కట్టడానికి మరమ్మతులు చేసి 2020లో కొత్త దీపాలు వెలిగించారు. కానీ నిజాం దీన్ని చూసి వెళ్లే కట్టడంగా కట్టించలేదు, బజారుగా కట్టించాడు. కాబట్టి లోపల అత్తరు, ఐస్‌క్రీమ్ అమ్మే పాత దుకాణాలు సాగకపోతే గడియార స్తంభం ఎంత మెరిసినా మార్కెట్‌ను కాపాడినట్టు కాదు."

ఇందులో పెద్ద మాటలేమీ లేవు. రెండు సంవత్సరాలున్నాయి, రెండు పేర్లున్నాయి, ఒక "కాబట్టి" ఉంది. ఆ "కాబట్టి" తర్వాత వచ్చిన మాటతో ఎవరైనా పేచీ పెట్టుకోవచ్చు. పేచీకి చోటుంటేనే దాన్ని కాలేజీ వాళ్లు థీసిస్ అంటారు.

7. నిర్మాణం తీసుకోండి, వాక్యం తీసుకోకండి

బాగున్న వాక్యాలన్నీ నోటు పుస్తకంలో ఎక్కించి, తర్వాత వ్యాసంలో అక్కడక్కడా చల్లడం కొందరి అలవాటు. వెంటనే మానేయండి. ఇక్కడ దీన్ని కష్టపడి చదవడం అనుకుంటారేమో కానీ అమెరికన్ కాలేజీలో ఇది దొంగతనం కిందికి వస్తుంది. మూలం చెప్పకుండా ఒక్క పేరా వాడినా కోర్సు ఫెయిల్ కావచ్చు, అంతకంటే పెద్ద చర్యా ఉండవచ్చు. కింగ్ వరస తీసుకోండి, అభ్యంతరం లేదు. హెర్సీ లాగా చిన్న పనితో మొదలుపెట్టండి, అదీ ఫర్వాలేదు. వాళ్ల మాటలు కావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేరు చెప్పండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. సీనియర్ దగ్గర తీసుకున్న ఫైల్లో కాలేజీ పేరు మార్చి పంపేవాళ్లున్నారు. "చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అన్న వాక్యం ఆ కమిటీ ఎన్నిసార్లు చదివి ఉంటుందో ఆలోచించండి. మీరు చేసిన ప్రాజెక్టులో ఒక సాయంత్రం ఏం చెడిపోయింది, దాన్నెలా సరిచేశారు, ఇంకా తెలియనిది ఏం మిగిలింది? అది రాయండి. అది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఇక రాత నేర్పే పుస్తకాల సంగతి. కార్నెల్ ప్రొఫెసర్ స్ట్రంక్ తన విద్యార్థుల కోసం 1918లో అచ్చేసుకున్న చిన్న పుస్తకాన్ని ఆయన శిష్యుడు ఇ.బి.వైట్ పెంచి 1959లో తెచ్చాడు. ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్ అంటే అదే. విలియం జిన్సర్ రాసిన ఆన్ రైటింగ్ వెల్ 1976లో వచ్చింది. రెండూ మంచివే. కానీ పైన చెప్పిన సాధన కొన్ని నెలలు చేశాక చదవండి. అప్పుడు ప్రతి సూచనకూ మీ నోటు పుస్తకంలోనే ఉదాహరణ కనిపిస్తుంది.

8. ఒకరికి చదివి వినిపించండి

వ్యాసం పూర్తయ్యాక హాస్టల్ రూమ్మేట్‌నో, అక్కనో కూర్చోబెట్టి గట్టిగా చదవండి. మీ నోరు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం పొడుగైందని అర్థం, రెండు చేయండి. చదవడం అయ్యాక "బాగుందా?" అని అడగకండి. మీ మీద ప్రేమ ఉన్నవాళ్లు బాగుందనే అంటారు. "నేనేమంటున్నాను? ఒక్క మాటలో చెప్పు" అని అడగండి. వాళ్లు చెప్పగలిగితే వ్యాసం పంపించేయండి. చెప్పలేకపోతే వాళ్లతో వాదించకండి, కాగితం మీద లేనిది నోటితో వివరించకండి. ప్రొఫెసర్ పక్కన మీరు కూర్చుని ఉండరు. మొదటి పేరాకు తిరిగి వెళ్లి, మీరు అనదలచుకున్న ఆ ఒక్క మాటను అక్కడ రాయండి.